నాలుగో గొట్టం గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెట్రోలియం శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పత్రాల్లో ట్యాంకులు మూడు. ప్రహరీ గోడ పక్కన నిలబడ్డ గాలి గొట్టాలు నాలుగు. ఒక పెట్రోలు బంకును పదిహేనేళ్ళ లీజుకు తీసుకుందామని వెళ్ళినప్పుడు నా కంటపడిన తేడా ఇది. భూమిలో ఉన్న ట్యాంకు ఊపిరి పీల్చుకునేది ఆ గొట్టం ద్వారానే. నాలుగోది దేనిదని అడిగితే, ‘పాత డీజిలు ట్యాంకుది, ఎప్పుడో ఇసుక పోసి మూసేశాం’ అన్నారు స్థలం యజమాని. ఎప్పుడు మూశారో ఆయనకు గుర్తు లేదు. మూసేముందు మట్టి పరీక్ష చేయించారా అంటే నవ్వి ఊరుకున్నారు.

నేను మొదట అడిగింది కూడా ఇది కాదులెండి. బంకు బేరానికి వెళ్ళినవారు రోజుకు ఎన్ని లీటర్లు పోతాయి, కంపెనీతో సరఫరా ఒప్పందం ఇంకా ఎన్నేళ్ళుంది, ఆవరణలోని దుకాణం మీద ఎంత మిగులుతుంది అనే అడుగుతారు. నేనూ అవే అడిగాను. నేల కింద ఏముందన్న ప్రశ్న ఆ గొట్టాన్ని చూశాకే పుట్టింది.

పుట్టాక మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. స్థలం ఒకరిది, ట్యాంకులు చాలాచోట్ల కంపెనీవి, వ్యాపారం నాబోటి మూడో మనిషిది. నా చేతికిచ్చిన లీజు పత్రం ముసాయిదాలో ‘గడువు ముగిసేనాటికి స్థలాన్ని శుభ్రంగా అప్పగించవలెను’ అని ఒక వాక్యం ఉంది. మొదటి రోజున ఆ స్థలం ఎంత శుభ్రంగా ఉందో చెప్పే వాక్యం ఎక్కడా లేదు. అంటే నాకంటే ముందు ముప్పై ఏళ్ళు కారిన చమురుకు కూడా చివరికి లెక్క చెప్పుకోవలసింది నేనే.

స్టాకు రిజిస్టరు చూస్తే తెలియదా అని మీ అధికారులు అనవచ్చు. చూశాను. రోజూ ఎంతో కొంత తరుగు ఉంది. దానికి గుమాస్తా చెప్పిన కారణం ఎండ, ఆవిరి. అది అబద్ధమూ కాదు: ఎండకు వేడెక్కి వచ్చిన పదివేల లీటర్ల పెట్రోలు నేల కింద పది డిగ్రీలు చల్లబడితే, చుక్క కారకుండానే దాదాపు వంద లీటర్లు తగ్గినట్లు కనిపిస్తుంది. చిక్కల్లా అక్కడే ఉంది. నిజమైన కారుడు ఆ తరుగు నీడలో హాయిగా దాక్కుంటుంది. అమెరికాలో స్టాకు లెక్కలతో కారుడును పట్టే పద్ధతిలో, నెల అమ్మకంలో 1 శాతం, దానిపైన 130 గ్యాలన్లు, అంటే సుమారు 490 లీటర్లు, తేడా రానిదే దాన్ని అనుమానాస్పదంగా లెక్కించరు.

490 లీటర్ల సంగతి అలా ఉంచండి, ఒక్క లీటరు తీసుకోండి. పెట్రోలులో బెంజీన్ 1 శాతం ఉందనుకుంటే లీటరుకు ఎనిమిది గ్రాముల పైమాటే. క్యాన్సరు కారకమని రుజువైన ఆ పదార్థం తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ మోతాదుకు పలచబరచాలంటే ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీళ్ళు కావాలి. 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం, పెట్రోలులో కలిపే ఎంటీబీఈ అనే రసాయనం భూగర్భ జలంలోకి చేరినందువల్ల బావులు మూసుకుని, తన తాగునీటిలో దాదాపు సగం పోగొట్టుకుంది.

దేశాలు దీన్ని పట్టించుకోలేదని కాదు. అమెరికా 1984లో భూగర్భ ట్యాంకుల మీద చట్టం తెచ్చింది. 1988లో నిబంధనలు రాసి, పాత ఉక్కు ట్యాంకులను బాగు చేయడానికో, మార్చడానికో, మూసేయడానికో 1998 డిసెంబరు 22 వరకు పదేళ్ళు గడువిచ్చింది. శుభ్రం చేసే ఖర్చుకు 1986లో ఒక నిధి పెట్టి, గ్యాలనుకు సెంటులో పదోవంతు పన్ను వేసింది. కొనేవారికి ఆ పన్ను తెలియను కూడా తెలియదు.

నేను కోరేది అంతకంటే చిన్నది. నేల కింద పెట్టిన ప్రతి ట్యాంకుకూ ఒక చరిత్ర పత్రం ఉండాలి. ఏ సంవత్సరం పెట్టారు, దేనితో చేసింది, ఎంత పడుతుంది, ఎప్పుడు పరీక్షించారు, మూస్తే ఎలా మూశారు. అది యజమానితో కాక భూమితో నడవాలి. ఆ పత్రం జత చేయనిదే బంకు స్థలం అమ్మకాన్ని గానీ లీజును గానీ రిజిస్టరు చేయకూడదు. లీజు మొదటి రోజునా చివరి రోజునా మట్టికీ నీటికీ పరీక్ష జరగాలి, పరీక్షించేవారిని మీ శాఖ నియమించాలి. అమ్మేవారు తెచ్చిన నిపుణుడి నివేదిక ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఇలా చేస్తే పాత బంకుల ధర పడిపోతుందని యజమానులు మీ దగ్గరకు వస్తారు. పడుతుంది. ఈ రోజు ఆ ధరలో తెలియనివాడి అమాయకత్వం కూడా కలిసి ఉంది మరి. అయితే, శుభ్రం చేయించే స్తోమత లేని చిన్న యజమానుల మాట నేను కొట్టిపారేయను. వారి కోసమే నిధి కావాలి. లేకపోతే వారు మరింత ఇసుక పోస్తారు.

‘కొనేవాడే చూసుకోవాలి’ అనే పాత సూత్రం మాత్రం దయచేసి నాకు చెప్పకండి. గోడ బీటను చూసుకుంటాను, పైకప్పు కురిస్తే చూసుకుంటాను. కాంక్రీటు కింద పది అడుగుల లోతున ఉన్నదాన్ని ఏ కంటితో చూసుకోను?

ఆ లీజు నేను వదులుకున్నాను. అడ్వాన్సు సగమే వెనక్కి వచ్చింది. కిందటి నెల ఆ దారిన వెళ్తూ ఆగి చూశాను. ‘లీజుకు ఇవ్వబడును’ అన్న బోర్డు అలాగే వేలాడుతోంది. ప్రహరీకి కొత్తగా రంగు వేశారు. దాని పక్కన గొట్టాలు ఇప్పుడు మూడే ఉన్నాయి.

ఇట్లు,
ఒక చిరు వ్యాపారి