కిజ్లార్ ఊబి కబురు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్ని నెలలు పట్టింది, క్షమించరా. ఇక్కడ అందరం కులాసా, చిన్నదానికి బడి తెరిచారు, మిగతా కబుర్లు మళ్లీ రాస్తాను. కాకసస్ ప్రాంతంలో రష్యన్ల కోట కిజ్లార్ సంగతి నీకు చెప్పేదాకా మనసు ఆగట్లేదు.

1785 వేసవి. షేక్ మన్సూర్, అసలు పేరు ఉషుర్మా, ఆల్దీ ఊరి చెచెన్ (కాకసస్ కొండల జాతి), రష్యన్ల మీద తిరగబడిన నాయకుడు. అతన్ని పట్టుకుందామని వచ్చిన రష్యన్ కల్నల్ పియేరీ ఆల్దీని తగలబెట్టి వెనక్కి పోతుంటే, చెచెన్లు అడవిలో కాపు కాసి దళాన్ని చిత్తు చేశారు. పియేరీ పోయాడు, రెండు ఫిరంగులు చిక్కాయి. గాయపడి పట్టుబడినవాళ్లలో బగ్రతియోన్ ఉన్నాడురా! తర్వాత బొరొదినోలో నెపోలియన్ సేనతో పోరాడిన ఆ జనరలే. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు, ప్రాణాలతో తిరిగి అప్పజెప్పారు. అతని గురించి ఎంతైనా రాయొచ్చు గానీ...

ఆ ఊపులోనే జూలైలో మన్సూర్ మనుషులు సుమారు 5,000 మంది తెరెక్ నది దాటారు. కిజ్లార్ 1735లో ఎడమ గట్టున కట్టిన కోట, చుట్టూ ద్రాక్షతోటలు. నేరుగా దాని మీదికి పోకుండా, ఐదు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న కార్గిన్స్క్ అనే చిన్న కోటను ముందు పట్టారు. నిప్పు పెట్టారు, మంట మందుగుండు కొట్టుకు అంటుకుని అంతా పేలిపోయింది. నాలుగు ఫిరంగులు దొరికాయి. నాకు మాత్రం అక్కడే పని చెడిందనిపిస్తుంది. ఫిరంగి దొరికితే సరిపోతుందా? మందు కావాలి, సరిపడే గుండు కావాలి, గురి తెలిసిన మనిషి కావాలి. ఆ మందే గాల్లో కలిసిపోయింది.

ఇక విను, చెరువు మాస్టారూ! ఏ కోట బొమ్మ చూపించినా "ముందు నీళ్లెటో చెప్పరా" అంటావే, ఇక్కడా అదే. తెరెక్ మంచుకొండల నది. మనకు వానలతో వరద వస్తే, దానికి ఎండలతో వస్తుంది. కొండల మీద మంచు కరిగి వేసవిలోనే పొంగుతుంది. కిజ్లార్ దగ్గర నేల పల్లం, నది పాయలుగా విడిపోయే చోటు, కాబట్టి నీరు పరుచుకుని బురద. మన్సూర్ మనుషులు కోట వైపు వెళ్తూ ఆ ఊబిలో దిగబడ్డారు. పైనుంచి ఫిరంగుల కాల్పులు. వెనుదిరగక తప్పలేదు.

ఆగస్టులో రెట్టింపు బలంతో మళ్లీ వచ్చారు. బయటి మట్టికట్ట మీదికి ఐదుసార్లు దూకారు, ఐదుసార్లూ రష్యన్లు తిప్పికొట్టారు. మర్నాడు రష్యన్ల టామ్స్క్ రెజిమెంటు మీద పడ్డారు, అక్కడా దెబ్బే. కొండల్లో మెరుపులా మీదపడి మాయమయ్యేవాళ్లకు, బారుగా నిలబడి తూటాలు కురిపించే కాల్బలం ఎదుట ఆ నేర్పు అక్కరకు రాలేదు. ఎంత తెగువరా వాళ్లది, తలుచుకుంటే గుండె పట్టేస్తుంది.

అసలు ముచ్చట నవంబరులో. తతార్‌తూప్ అనే చోట రష్యన్ కల్నల్ నాగెల్ దళం మీదికి చక్రాల గోడలు తోసుకొచ్చారు! రెండు వరసల దుంగలు, మధ్యలో మట్టి కూరి, కింద చక్రాలు. దుంగ ఒక్కటే అయితే గుండుకు చీలుతుంది, మట్టి ఆ దెబ్బను మింగుతుంది. కానీ బరువెంత, తోసేవాళ్లెందరు, నేల మెత్తగా ఉంటే చక్రం... ఇదే కిజ్లార్ బురదలో అయితే ఏమయ్యేదో నువ్వే లెక్క కట్టి రాయి. అక్కడా ఓడిపోయారు. 1791లో అనపా కోట పడినప్పుడు మన్సూర్ దొరికిపోయాడు, అది ఇంకో పెద్ద కథ.

పోస్టు డబ్బా తెరిచే వేళయింది, ఉంటాను.

నీ
రాజు