హిమానీనదం వెనక్కి నడవదు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ సైన్స్ పేజీలో గంగోత్రి హిమానీనదం, అంటే హిమాలయాల్లో పేరుకుని మెల్లగా పల్లానికి కదిలే మంచు నది (గ్లేసియర్) గురించి వచ్చిన వార్త చదివాక, సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. మీ ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేస్తే 'సంబంధిత విభాగానికి చెప్తాం' అన్నారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

'వెనక్కి నడుస్తున్న గంగోత్రి' అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఇంగ్లిష్‌లో 'రిట్రీట్' అన్న మాట కనబడగానే తెలుగులో 'వెనక్కి నడవడం' చేసేశారు. అది చాలక, బొమ్మలో బాణం గుర్తు కొండ పైకి పెట్టారు. అయ్యా, మంచు కొండ ఎక్కదు. దాని బరువే దాన్ని కిందికి లాగుతుంది. ఆ హిమానీనదం ముగిసే గోముఖ్ దగ్గర దాని చివర ఏటా పైకి జరుగుతున్న మాట నిజమే. కానీ ఆ మంచు ఇప్పటికీ కిందికే వస్తోంది. పైనుంచి వచ్చి చేరేదాని కన్నా చివర కరిగిపోయేది ఎక్కువైంది, అందుకే తరిగిపోతోంది. మా వీధిలో నీళ్ల ట్యాంకర్ ఆగితే కారిన నీళ్లు పల్లానికి పారుతాయి. ఎండ ముదిరేకొద్దీ ఆ తడి అంత దూరం పోదు. అలాగని నీళ్లు ట్యాంకర్ వైపు వెనక్కి పారాయని ఎవరైనా అంటారా?

ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు తన ప్రాజెక్టులో బాణం సరిగ్గా కిందికే పెట్టింది. స్కూల్లో దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన మీ పేపర్ కటింగ్ అంటించి ఇంటికి పంపారు. పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు.

1840ల్లో స్విట్జర్లాండ్‌లోని ఉంటరార్ హిమానీనదం మీద లూయీ అగాసీ అనే శాస్త్రవేత్త ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తిన్నగా ఒక వరస గుర్తు కర్రలు పాతించాడు. తర్వాత చూస్తే మధ్యలోవి ముందుకు పోయి, అంచుల్లోవి వెనకబడి, వరస విల్లులా వంగింది. నదిలో నీళ్లు కూడా నడిమధ్యనే కదా జోరుగా పారేది! పైన సుమారు 50 మీటర్ల మందాన మంచు పెళుసుగా ఉంటుంది, అందుకే పగుళ్లు వస్తాయి. ఆ కింద మీది బరువుకు స్ఫటికాల్లోని పొరలు ఒకదాని మీద ఒకటి జారుతూ ముదురు పాకంలా సాగుతుంది. అడుగున నీళ్లు చేరిన చోట రాతి మీద జారుతుంది కూడా.

నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఐస్ ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెప్పించి, దాని మీదుగా సన్నని ఇనుప తీగ వేసి, రెండు కొసలకూ ఇటుకలు కట్టేదాన్ని. తీగ మెల్లగా గడ్డలోంచి దిగి కిందికి వచ్చేసేది, గడ్డ మాత్రం రెండు ముక్కలయ్యేది కాదు. తీగ కింద ఒత్తిడికి కరిగిన నీళ్లు పైకి చేరి మళ్లీ గడ్డకట్టేవి. హిమానీనదం అడుగున చిన్న చిన్న రాతి బొడిపెలను దాటేది కూడా ఇలాగే. పిల్లలు గుడ్లప్పగించి చూసేవారు. ఇప్పుడు చాలా స్కూళ్లలో ల్యాబ్ గదికి తాళం, భూగోళం పీరియడ్‌లో లెక్కల టెస్టు. అధికారులు తనిఖీకి వస్తే రిజిస్టర్లు చూసి, టీ తాగి వెళ్లిపోతారు.

పేపర్లూ టీవీలూ అలాగే ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్ చమోలీలో 200 మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. రోంటీ శిఖరం వాలు నుంచి రాయీ మంచూ కలిసి విరిగిపడితే, రోజుల తరబడి 'గ్లేసియర్ పేలింది' అనే చెప్పారు. ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్న ఊరు మనది. వార్త వేసే ముందు అక్కడికి ఒక్క ఫోన్ చేయడానికి తీరిక లేదా?

సవరణ ఏదో మూల రెండు లైన్లు కాకుండా, అదే సైన్స్ పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో, బాణం తిప్పిన బొమ్మతో సహా వేయండి. మా మనవరాలు ఆ ప్రాజెక్టు సోమవారం మళ్లీ ఇవ్వాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
మల్కాజిగిరి, హైదరాబాద్