హాకీ టీమ్ పెట్టే ముందు గ్రౌండ్ సంగతి తేల్చండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అరిజోనాలో చాండ్లర్ అనే ఊళ్లో ఉంటున్నాను, మీ పేపర్ రోజూ ఫోన్లో చదువుతాను. టోక్యోలో, పారిస్‌లో వరసగా రెండు కాంస్యాలు వచ్చాక మన దగ్గర కూడా కాలేజీల్లో హాకీ టీమ్ పెట్టాలనే మాట నాకు తెలిసిన లెక్చరర్ల నోట, పీడీల నోట తరచుగా వింటున్నాను. చాలా సంతోషం. కానీ ఎవరితో మాట్లాడినా కోచ్ ఎవరు, కిట్లకి స్పాన్సర్ ఎవరు, జెర్సీ ఏ రంగు అనే దగ్గరే మాట ఆగిపోతోంది. మ్యాచ్ ఎక్కడ ఆడతారు, రోజూ ప్రాక్టీస్ ఎక్కడ చేస్తారు అని అడిగితే "చూద్దాం, ఏదో ఒకటి దొరుకుతుందిలే" అంటున్నారు. ఆ మాట వింటే నాకు భయమేస్తుంది. అందుకే ఇక్కడ మా పక్క ఊరు టెంపీలో ఒక యూనివర్సిటీ తన కొత్త టీమ్‌కి సొంత అరీనా సంపాదించుకోవడానికి ఎన్ని తిప్పలు పడిందో రాస్తున్నాను. అది మన హాకీ కాదు, ఐస్ హాకీ. అయినా సమస్య మాత్రం అదే.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పేరు తెలియని తెలుగు ఇల్లు ఈ మధ్య తక్కువే, ఎవరో ఒకరి పిల్లలు అక్కడ ఎమ్మెస్ చేస్తూనే ఉంటారు. ఆ యూనివర్సిటీలో ఐస్ హాకీ చాలా ఏళ్లు క్లబ్ ఆటగానే నడిచింది, అంటే కుర్రాళ్లు తలా కొంత వేసుకుని ఆడుకునే పద్ధతి. 2014లో ఆ క్లబ్ టీమ్ జాతీయ ఛాంపియన్ అయింది. అదే ఏడాది నవంబరులో డాన్ మల్లెట్ అనే ఆయన కుటుంబం, మరికొందరు దాతలు కలిసి 3.2 కోట్ల డాలర్లు ఇస్తామనడంతో యూనివర్సిటీ ఆ టీమ్‌ని ఎన్‌సీఏఏ డివిజన్ 1 స్థాయికి, అంటే అమెరికా కాలేజీ ఆటల్లో పై మెట్టుకి తీసుకెళ్తున్నామని ప్రకటించింది. ఎడారిలో, వేసవిలో 45 డిగ్రీలు దాటే చోట ఐస్ హాకీ ఏంటని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. డబ్బుంది, కోచ్ ఉన్నాడు, కుర్రాళ్లున్నారు, లేనిదల్లా సొంత రింక్, అంటే మంచు పరిచిన ఆటస్థలం, ఒక్కటే.

మరి ఎక్కడ ఆడారు? క్యాంపస్‌కి కొద్ది మైళ్ల దూరంలో, బిగ్ సర్ఫ్ అనే పాత వాటర్ పార్క్ పక్కన ఓషన్‌సైడ్ ఐస్ అరీనా అని ఒకటుంది, అక్కడే. దాన్ని అరీనా అనడం పేరుకే, పెద్ద గోడౌన్ లాంటి షెడ్డు, సుమారు 750 మంది పడతారు. నేను అక్కడ మ్యాచ్‌లు చూశాను. బయట అక్టోబరు ఎండలో కారు స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, లోపలికెళ్లి బల్ల మీద కూర్చుంటే పది నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోతాయి. ఆటగాడు ఎవడైనా గోడకి గుద్దుకుంటే ఆ దెబ్బ మనం కూర్చున్న బల్లలోకి తెలిసేది, స్కేట్లు ఐస్‌ని కోసే చప్పుడు గ్యాలరీ చివరి వరసకి కూడా వినిపించేది. పొద్దున పిల్లల స్కేటింగ్ క్లాసులు, సాయంత్రం జనరల్ పబ్లిక్, ఆ తర్వాత పెద్దవాళ్ల లీగులు, వీటన్నిటి మధ్య యూనివర్సిటీ టీమ్. ఎన్‌సీఏఏ టాప్ డివిజన్ టీమ్‌కి ఇది ఇల్లు!

పెద్ద అరీనా దగ్గర్లో లేదా అంటే ఉంది. ఫీనిక్స్‌కి అవతలి వైపు గ్లెండేల్‌లో 17 వేల పైచిలుకు సీట్లతో ఎన్‌హెచ్ఎల్ (ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) టీమ్ కయోటీస్ ఆడుకునే అరీనా ఉండేది, కొన్ని మ్యాచ్‌లు యూనివర్సిటీ అక్కడ కూడా ఆడింది. కొంతమంది అన్నారు, అంత మంచి అరీనా ఉండగా ఈ షెడ్డు ఎందుకు, మొత్తం అక్కడికే మారిపోవచ్చు కదా అని. నేను ఒప్పుకోను. హాస్టల్లో ఉండే కుర్రాడికి కారుండదు, శుక్రవారం రాత్రి మ్యాచ్ కోసం ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి ఎవడు పోతాడు? పోయినా 17 వేల సీట్లలో రెండు వేల మంది కూర్చుంటే పెళ్లి అయిపోయిన మర్నాటి కల్యాణ మండపంలా ఉంటుంది. అదే రెండు వేల మంది 750 సీట్ల రింక్ బయట టికెట్ దొరక్క నిలబడితే ఊళ్లో ఆ టీమ్ గురించి మాట్లాడుకుంటారు. మా ఇంట్లోనే, హాకీ అంటే తెలియని మా ఆవిడ కూడా "ఆ టికెట్లు దొరకవట కదా" అని మొదటిసారి అడిగింది ఆ చిన్న రింక్ గురించే.

అయితే చిన్న చోటు సరిపోతుందని కూడా నేను అనడం లేదు. ఆ షెడ్డు వల్ల టీమ్ చాలా నష్టపోయింది. కాలేజీ హాకీలో కాన్ఫరెన్స్ అనే గుంపుల్లో ఏదో ఒకదాంట్లో చేరితేనే ఏటా మ్యాచ్‌లు ఖాయంగా దొరుకుతాయి. సరైన అరీనా లేని టీమ్‌ని చేర్చుకోవడానికి ఎవరైనా వెనకాడతారు, ఎందుకంటే వాళ్ల కుర్రాళ్లు వచ్చి ఆడాల్సింది అక్కడే కదా. అలా ఏ కాన్ఫరెన్స్ లేకుండా ఒంటరిగా, ఎవరు పిలిస్తే వాళ్ల ఊరెళ్లి ఆడుతూ ఏళ్లు గడిపారు. అలాంటి స్థితిలోనే 2019లో ఎన్‌సీఏఏ టోర్నమెంటుకి అర్హత సాధించారంటే ఆ కుర్రాళ్లకి, కోచ్ గ్రెగ్ పవర్స్‌కి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కోవిడ్ ఏడాది, 2020-21లో, సీజన్ మొత్తం బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ టీమ్‌ల ఊళ్లకే వెళ్లి ఆడారు, సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా లేదు.

చివరికి 2022 అక్టోబరులో క్యాంపస్‌లోనే మల్లెట్ అరీనా తెరుచుకుంది. ఖర్చు దాదాపు 13.4 కోట్ల డాలర్లు, సీట్లు 5,000. ఆ 5,000 అనే అంకె దగ్గర కాస్త ఆగాలి. అంత డబ్బు పెట్టేవాళ్లు పది వేల సీట్లు కట్టలేరా? కట్టొచ్చు. కానీ సీజన్‌లో సొంత ఊరి మ్యాచ్‌లు ఇరవైకి అటూ ఇటూ ఉంటాయి, ప్రతి శుక్ర శనివారాలకి ఎంతమంది వస్తారో ఆ లెక్క చూసి కట్టారు, ఏదో ఒక ఫైనల్ రోజు వచ్చే జనాన్ని చూసి కాదు. ఒక గోల్ వెనకాల మొత్తం స్టూడెంట్లకి వదిలేశారు, వాళ్లు నిలబడే అరుస్తారు, అవతలి గోల్‌కీపర్‌కి ఆ పీరియడ్ అంతా టెన్షనే. హాస్టళ్ల నుంచి నడిచి రావచ్చు. మిగతా రోజుల్లో కచేరీలు పెడతారు, పక్కనే ఊరి జనం స్కేటింగ్ చేసుకోవడానికి ఇంకో రింక్ కట్టారు. ఐస్ అంటే వట్టి నీళ్లు గడ్డకట్టించడం అనుకుంటాం గానీ, కాంక్రీటు కింద పైపుల్లో చల్లటి ద్రవం ఇరవై నాలుగు గంటలూ తిరుగుతూ ఉండాలి, పైన మంచు మందం అంగుళంన్నర లోపే, మ్యాచ్ ఉన్నా లేకపోయినా కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆ బిల్లు ఒక్క టీమ్ టికెట్ల మీద రాదు.

ఇక్కడ ఇంకో విచిత్రం జరిగింది. గ్లెండేల్ నగరం లీజు పొడిగించకపోవడంతో ఎన్‌హెచ్ఎల్ టీమ్ కయోటీసే వచ్చి ఈ కాలేజీ అరీనాలో రెండు సీజన్లు అద్దెకుంది. వాళ్లు టెంపీలో కట్టుకుందామనుకున్న సొంత అరీనాని 2023 మేలో ఊరి జనం ఓటేసి వద్దన్నారు, 2024లో టీమ్ సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయింది. కోట్లు సంపాదించే ప్రొఫెషనల్ టీమ్‌కి కూడా ఇల్లు లేకపోతే ఊరు వదిలి పోవాల్సిందే. కాలేజీ టీమ్ మాత్రం ఇంకా ఇక్కడే ఉంది, 2024-25 నుంచి ఎన్‌సీహెచ్‌సీ అనే గట్టి కాన్ఫరెన్స్‌లో ఆడుతోంది. మల్లెట్ అరీనా లేకుండా అది జరిగేది కాదని నా గట్టి నమ్మకం.

వేరే ఊళ్ల సంగతి కూడా ఒక మాట. పెన్ స్టేట్ యూనివర్సిటీకి 2010లో టెర్రీ పెగులా 8.8 కోట్ల డాలర్లు ఇస్తే టీమ్, అరీనా రెండూ ఒకేసారి మొదలెట్టారు, మొదటి సీజన్ పాత చిన్న రింక్‌లో ఆడి 2013లో కొత్తదానికి మారిపోయారు. దక్షిణ డకోటాలో అగస్టానా అనే చిన్న యూనివర్సిటీ మూడు వేల సీట్లతో క్యాంపస్‌లోనే కట్టుకుంది, అది పూర్తయ్యేదాకా కొన్ని నెలలు ఊళ్లోని పెద్ద అరీనాలో సర్దుకుంది. అలబామాలో హంట్స్‌విల్ టీమ్ మాత్రం క్యాంపస్‌కి దూరంగా సిటీ వాళ్ల హాల్లో ఆడేది, ఒకప్పుడు డివిజన్ 2లో రెండుసార్లు జాతీయ ఛాంపియన్లు, వాళ్లకి చేరడానికి కాన్ఫరెన్స్ దొరక్క 2021లో టీమ్ ఆపేశారు. అది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది, ఎందుకంటే మా కాలేజీ హాకీ టీమ్ కూడా అలాగే పోయింది.

రాయలసీమలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో హాకీ టీమ్ ఉండేది, నేను ఫుల్ బ్యాక్ ఆడేవాణ్ణి. గ్రౌండ్ అంటే హాస్టల్ వెనక ఎర్రమట్టి స్థలం, వాన పడి ఎండితే గట్టిపడి బంతి ఎటు లేస్తుందో తెలిసేది కాదు, మాలో మోకాలి కింద మచ్చ లేనివాడు లేడు. కొన్నాళ్లకి ఆ స్థలంలోనే కొత్త బ్లాకు కట్టారు. ప్రాక్టీస్‌కి పోలీస్ పరేడ్ గ్రౌండ్‌కి పొమ్మన్నారు, అక్కడ పొద్దున ఆరు లోపు ఖాళీ చెయ్యాలి, బస్సు ఆ టైముకి ఉండదు. ముందు డే స్కాలర్లు మానేశారు, తర్వాత జూనియర్లు చేరడం ఆగిపోయింది. టీమ్ రద్దు చేశామని ఎవరూ నోటీసు పెట్టలేదు, నెమ్మదిగా లేకుండా పోయింది. హాకీ స్టిక్కులు స్పోర్ట్స్ రూంలో చాలాకాలం అలాగే ఉన్నాయట.

ఇప్పుడు హాకీ ఇంకా ఖరీదైంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి పెద్ద మ్యాచ్‌లన్నీ టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి, మీదే. దాదాపు 91 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు, కింద చదును సరిగ్గా ఉండాలి, మామూలు టర్ఫ్‌ని మ్యాచ్‌కి ముందు నీళ్లతో తడపాలి, కొన్నేళ్లకి పైపొర మార్చాలి. అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో ఉండే కాలేజీ అన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తుందో ముందే చూసుకోవాలి. మట్టి మీద నేర్చుకున్న పిల్లలు టర్ఫ్ మీదకి వెళ్లేసరికి బంతి వేగం అందుకోలేక మొదటి క్వార్టర్‌లోనే రెండు గోల్స్ ఇచ్చేస్తారు, అది వాళ్ల తప్పు కాదు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్ ఎతిమరపు రజని ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అలాంటి పిల్లలు ఇంకా ఎంతమంది ఉన్నారో, వాళ్లకి ఆడే చోటు చూపించాలి కదా.

హైదరాబాద్‌లో 2003 ఆఫ్రో ఏషియన్ గేమ్స్ కోసం వాడిన గచ్చిబౌలి స్టేడియం ఉంది, కాకినాడలో టర్ఫ్ ఉంది అంటారు. ఉన్నాయి, కానీ అవి జిల్లాలో అందరివీ. మీ టీమ్‌కి వారానికి ఎన్ని గంటలు, ఏ టైములో, ఎన్నేళ్ల పాటు అని కాగితం మీద రాయించుకోకపోతే ఏ టోర్నమెంట్ వచ్చినా, ఏ ఫంక్షన్ వచ్చినా ముందు ఖాళీ చెయ్యాల్సింది మీరే. నన్నడిగితే ఒక్క కాలేజీ ఒంటరిగా టర్ఫ్ వేసుకోవడం కన్నా, ఒకే ఊళ్లో ఉన్న యూనివర్సిటీ, రెండు మూడు కాలేజీలు, జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ కలిసి హాస్టళ్లకి దగ్గరగా ఒకటి వేసుకోవడం మేలు. వెయ్యి మంది కూర్చునే మెట్లు కట్టినా చాలు, ఫ్లడ్ లైట్లు మాత్రం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే మన ఎండల్లో పిల్లలు ఆడగలిగేది పొద్దున్నే, లేదంటే సాయంత్రం ఆరు తర్వాతే. అది తయారయ్యేదాకా చిన్న చోటైనా సరే, నడిచిపోయేంత దగ్గర్లో, వేళ ఖాయంగా దొరికే చోట టీమ్ మొదలుపెట్టాలి.

మీకు నాదొక విన్నపం. మీ జిల్లా విలేకరులు యూనివర్సిటీ ఆటల వార్తలు రాసేటప్పుడు స్కోరు, మెడల్‌తో పాటు మూడు విషయాలు అడిగి రాయించండి: ఆ టీమ్ ప్రాక్టీస్ ఎక్కడ చేస్తోంది, ఆ గ్రౌండ్ ఎవరిది, వారానికి ఎన్ని గంటలు ఇస్తున్నారు. కొత్తగా టీమ్ ప్రకటించే కాలేజీని మొదటి రోజే ఈ మూడూ అడగండి, జవాబు లేకపోతే లేదనే అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, పాత హాకీ ఆటగాడు
చాండ్లర్, అరిజోనా