కరువు సీమలో చేపలెక్కడివి బావా?

కర్నూలు

బావా,

నీ ఉత్తరం చదివి ఇంట్లో అందరం నవ్వుకున్నాం. "మీ సీమలో తాగడానికే నీళ్లుండవు, ఇక చేపలెక్కడివి?" అని రాశావు చూడు, ఆ మాట వినగానే మా అమ్మ "ఆ పిల్లోణ్ణి ఒకసారి రానీ, చాలు బాబోయ్ అనేదాకా పెడతా" అంది. కొల్లేటి ఒడ్డున పుట్టినవాడివి, ఆ మాత్రం గీర లేకపోతే ఎట్లా! కానీ వచ్చే నెల చెల్లెమ్మనూ పిల్లల్నీ కారులో ఎక్కించుకుని ఇటు వస్తానంటున్నావు కాబట్టి, తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మొన్నీమధ్యే నేనూ మా తమ్ముడూ ఇక్కడి నుంచి కడపకు, అట్నుంచి అనంతపురానికి తిరిగొచ్చాం. పేరుకు పెళ్లి పత్రికలు పంచే పని. ధ్యాసంతా చేపల వేపుడు మీదే.

ముందు నీ పరువు సంగతి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే పెద్ద రోడ్డు ఉంది కదా, నలభైనాలుగో నంబరు హైవే. దాని పక్కన ఒకచోట "డ్యామ్ చేపల ఫ్రై" అని పెద్ద బోర్డు చూసి ఆగాం. దగ్గర్లో డ్యామూ లేదు, కనీసం కుంటా లేదు. గాజు పెట్టెలో ముక్కలన్నీ ఒకే సైజులో, ఎర్రగా, పెళ్లికూతుళ్లలా వరసగా కూర్చున్నాయి. వెనకాల థర్మోకోల్ పెట్టెలు. "ఏ డ్యామ్ చేపప్పా ఇది?" అని మా తమ్ముడు అడిగితే, ఆ కుర్రాడు అబద్ధమాడలేక "భీమవరం లోడు అన్నా" అన్నాడు. చూశావా, మీ చెరువులో పెరిగి, ఐసులో పడుకుని ఇంత దూరమొచ్చి, చివరికి మా డ్యామ్ పేరు పెట్టుకుంది! చెరువు చేపంటే నాకేం చిన్నచూపు లేదు, తాజాగా ఉంటే అదీ బాగుంటుంది. కానీ మసాలా పూసి గాజు పెట్టెలో పెట్టాక మొప్పలు చూసేదెట్లా, కన్ను చూసేదెట్లా? తిన్నాక నిమ్మచెక్కతో వేళ్లు రుద్దుకున్నా ఎరుపు పోలేదు. అది మిరపకాయ ఎరుపు కాదు బావా, రంగుపొడి. ఇట్లా కబాబుల్లో, చేపల వేపుళ్లలో రంగులు కలపొద్దని 2024లో కర్ణాటక ప్రభుత్వం నిషేధమే పెట్టింది. మన దగ్గర మన కళ్లే దిక్కు. ఇంకోటి, అక్కడ "పాంఫ్రెట్" అని చూపించింది సముద్రపు చందువా కాదు, రూప్‌చంద్. అదీ మీ వైపు చెరువుల సరుకే.

అందుకే చెప్తున్నా, సీమలో చేప తినాలంటే బోర్డు చూసి ఆగకూడదు, నీళ్లు ఎటు పోతే అటు పోవాలి. ఇక్కడ చేప దొరికేది మనుషులు నీళ్లను కట్టి తెచ్చుకున్న చోటే. కర్నూలుకు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో తుంగభద్ర మీద సుంకేసుల ఉంది. కర్నూలు కడప కాలువ మొదలయ్యేది అక్కడే. దొరల కాలంలో, 1860లలో తవ్వడం మొదలెట్టిన కాలువ అది.

మేము సుంకేసుల చేరేసరికి పొద్దున తొమ్మిది దాటింది. జాలర్లు సాయంత్రం వలలు వేసి తెల్లారగట్ల పుట్టిలో, అదే గుండ్రటి బుట్ట పడవలో వెళ్లి తీస్తారు కాబట్టి అప్పటికి చేప ఒడ్డుకు వచ్చేసి ఉంటుంది. రేకుల పందిరి కింద ఒక అక్క కత్తిపీట ముందు కూర్చుని ఉంది. పక్కన తొట్టిలో కొరమేనులు కదులుతున్నాయి. అవి పైకొచ్చి గాలి పీల్చుకునే రకం కదా, కాసిని నీళ్లున్నా బతికే ఉంటాయి. అందుకే కొరమేను ఒక్కటి మాత్రం ప్రాణంతో చూసి కొనుక్కోవచ్చు. చేతికి బూడిద రాసుకుని ఒకదాన్ని పట్టింది, లేకపోతే జారిపోతుంది. తల మీద ఒక్కటే దెబ్బ. పొలుసు గీకి, కడుపు తీసి, మళ్లీ బూడిదతో రుద్ది, మూడు నీళ్లు పోసి కడిగింది. మాకు ఒక శీలావతిని, అదే రోహు చేపను కూడా కొయ్యమన్నాం. దానికి మాత్రం కత్తి పని వేరు. చర్మం మీద వేలెడంత కూడా సందు లేకుండా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టింది. "ఎందుకక్కా అన్ని?" అంటే "వెంట్రుక ముళ్లు తెగాల కదన్నా, నూనెలో కరకరమంటాయి, గొంతులో పడవు" అంది. ఇన్నేళ్లుగా మీ కోస్తా వాళ్లు నాకీ సంగతి ఎందుకు చెప్పలేదో!

ముక్కలకు పట్టించింది ఎక్కువేం కాదు. ఉప్పు, పసుపు, అల్లం, తెల్లగడ్డ, ధనియాల పొడి, నిమ్మరసం, గుప్పెడు బియ్యప్పిండి, ఇంట్లో కొట్టిన కారం. ఆ కారం బ్యాడిగి మిరపది. మా కర్నూలు, అనంతపురం రైతులు పండించి కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్టుకు తోలుకుపోతారే, అది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. మరి రంగుపొడితో పనేముంది? బాండలిలో కరివేపాకు రెబ్బ వేసి నూనె కాగిందో లేదో చూసి, ముక్కలు వదిలి, అంచు గట్టిపడేదాకా గరిటె తాకించలేదు. మా తమ్ముడు తొందరపడి "తిప్పక్కా" అంటే "తిప్పితే నీకు ముక్క రాదు, పొడి వస్తది" అని గదమాయించింది. ఒకేసారి తిప్పింది. విస్తరాకులో జొన్నరొట్టె, ఎర్రగడ్డ చీలికలు, నిమ్మచెక్క. చేపకు ఒక రేటు, వేయించే కూలి వేరే. ముందే అడిగి ఖాయం చేసుకో, తర్వాత గొడవ ఉండదు.

అక్కడి నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయాం. కాలువ నీళ్ల పుణ్యమా అని చాలా దూరం పచ్చగానే ఉంటుంది, నీకు మీ ఊరు గుర్తొస్తుంది. మైదుకూరు నుంచి బ్రహ్మంసాగర్‌కు పక్కకు తిరిగాం. శ్రీశైలం వెనక జలాలు పోతిరెడ్డిపాడు దగ్గర మళ్లి, వెలుగోడు మీదుగా అక్కడికి వస్తాయి. అక్కడ దొరికింది జిలేబి చేప, అదే తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చి వదిలారు, ఇప్పుడు లేని చెరువు లేదు. నువ్వు మొహం చిట్లిస్తావని తెలుసు, బురద వాసన అంటావు. పారే నీళ్లు, పెద్ద నీళ్లు ఉన్నచోట ఆ వాసన అంతగా రాదు. అరచేతి సైజు చేపను గాట్లు పెట్టి తలతో సహా వేయిస్తారు. వీపు రెక్క చిప్సులా విరుగుతుంది. చిన్న ముళ్లు తక్కువ కాబట్టి మీ చిన్నదానికి ఇదే పెట్టించు. పెద్దోడు కొరమేను తింటాడు. శీలావతి మీ ఆలుమగలకే.

కడప ఊళ్లో మాత్రం చేపకోసం తిరగొద్దు. కారం దోసె తిని కదలండి.

అనంతపురం గురించి నాకు నమ్మకం తక్కువే ఉండేది. బెళుగుప్ప దగ్గర జీడిపల్లి రిజర్వాయరు చూశాక నోరు మూసుకున్నా. హంద్రీ నీవా ఎత్తిపోతల పథకం మోటార్లు మల్యాల దగ్గర కృష్ణ నీళ్లు తోడితే 2012లో అక్కడికి చేరాయి. ఆ కొండల మధ్య, ఆ ఎర్ర నేల మీద నీళ్లు నిలబడి ఉంటే, గట్టు మీద చేపలు అమ్ముతున్న ముసలాయన "మా నాయన కాలంలో ఈడ చేపంటే సంతలో ఎండు చేపే సామీ" అన్నాడు. ఆయన వేయించి ఇవ్వడు, పచ్చి చేపే అమ్ముతాడు. పక్క ఊరి హోటలాయనకు ఇచ్చి వేయించుకున్నాం. అది బాగా కుదరలేదులే, పిండి ఎక్కువైంది.

నువ్వొచ్చే రోజు పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరితే పదకొండుకల్లా కర్నూలులో ఉంటావు. మా ఇంట్లో సామాను దించి నేరుగా సుంకేసుల పోదాం. ముందురోజు ఫోన్ చేస్తే ఆ అక్కకు చెప్పి రెండు కొరమేనులు పక్కన పెట్టిస్తా. సోమవారం, శనివారం వద్దు, మా అమ్మకు ఒక్కపొద్దు. ప్రయాణం వెనక్కి జరపాలనిపిస్తే కార్తీకంలోకి మాత్రం జరపకు, అప్పుడు ఆ పందిళ్లలో సగం పొయ్యిలు వెలగవు.

నీ బావ