సూరికి ఉత్తరం: అందరి ఊపిరీ ఇరవయ్యేనా?

ఒరేయ్ సూరీ,

వార్డు పోస్టింగ్ మొదలవుతోంది, ముందు ఏం చూసుకోవాలో రాయమన్నావు. నీ బెరుకంతా ఇంజెక్షన్ గురించేనని తెలుసు. దానికి చెయ్యి తిరగడానికి ఎంతో కాలం పట్టదు. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు కూడా ఎగ్గొట్టే పని ఇంకోటుంది: ఊపిరి లెక్కపెట్టడం. నవ్వకు.

ఏ వార్డు చార్టులైనా తిరగేసి చూడు. పల్స్ 78, 92, 104 అని రకరకాలుగా ఉంటుంది. శ్వాస గడిలో మాత్రం పైనుంచి కిందిదాకా 20, 20, 20. మంచాల మీద ఉన్నవాళ్లంతా ఒకే తాళానికి ఊపిరి తీస్తున్నారా? ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు కాబట్టి 20 రాస్తే అడిగేవాడుండడు. కానీ ఆక్సిజన్ తగ్గినా, రక్తంలో ఆమ్లం పెరిగినా, ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా కమ్ముకుంటున్నా చాలాసార్లు ముందు మారేది శ్వాసే. బీపీని శరీరం చాలాసేపు ఎలాగోలా నెట్టుకొస్తుంది. అది పడిపోయే సరికి ఆలస్యమై ఉంటుంది. 18, 22, 26 అని ఎక్కుతూ పోవడం చార్టులో కనబడితే డాక్టరును ముందే పిలవొచ్చు. ఇరవైల వరసలో అది కనబడేదెలా?

పద్ధతి ఇది. మణికట్టు పట్టుకుని పల్స్ చూడు. బొటనవేలితో కాదు, దాని సొంత పల్సే నీకు తెలుస్తుంది. దాని పక్కనున్న రెండు మూడు వేళ్లు పెట్టు. పల్స్ లెక్క అయ్యాక చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుని, ఛాతీ వైపు చూస్తూ ఊపిరి లెక్కపెట్టు. చెప్పి లెక్కపెడితే మనిషి తనకు తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. లయ సమంగా ఉంటే 30 సెకన్లు చూసి రెట్టింపు చెయ్యి, తేడాగా ఉంటే నిండు నిమిషం. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే, ఒక్క ఊపిరి తప్పినా చార్టులో నాలుగు తేడా వస్తుంది. అంకె ఒక్కటే కాదు, పక్కటెముకల మధ్య కండ లోపలికి లాక్కుంటోందా, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడా అన్నదీ చూడు. వేలికి పెట్టిన ఆక్సీమీటరు 97 చూపిస్తోందని ధీమా పడొద్దు. నిమిషానికి 30 సార్లు రొప్పి మరీ ఆ 97 తెచ్చుకుంటున్నాడేమో! చల్లబడ్డ వేళ్ల మీద, గోళ్లరంగు మీద ఆ మిషను తప్పు చూపించొచ్చు. పొగలో చిక్కుకున్నవాళ్లకు కార్బన్ మోనాక్సైడును కూడా ఆక్సిజన్ ఖాతాలో వేసి మంచి అంకె ఇస్తుంది.

ఇక బీపీ. ఇక్కడ చాలా తప్పులు జరిగేది కఫ్, అంటే జబ్బకు చుట్టే పట్టీ దగ్గరే. లోపలి రబ్బరు తిత్తి వెడల్పు జబ్బ చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. అంటే 30 సెంటీమీటర్ల జబ్బకు 12 వెడల్పు, 24 పొడవు. లావు చేతికి చిన్న కఫ్ బిగిస్తే లేని బీపీ పుడుతుంది. సన్నని చేతికి పెద్దది చుడితే ఉన్న బీపీ దాక్కుంటుంది. మనిషిని ఐదు నిమిషాలు కూర్చోనివ్వు. వీపుకి ఆనుడు, కాళ్లు నేలకు, కాలు మీద కాలు వద్దు, కబుర్లు వద్దు. చెయ్యి గుండె ఎత్తులో దేనిమీదైనా ఆనాలి. కిందికి వేలాడితే అంకె ఎక్కువ వస్తుంది. స్టెతస్కోపు పెట్టేముందు మణికట్టు పల్స్ మీద వేళ్లుంచి గాలి కొట్టు. పల్స్ ఎక్కడ మాయమైందో చూసుకుని, అక్కడినుంచి ఇంకో 30 పైకి పోనిచ్చి, సెకనుకు 2, 3 చొప్పున దించు. ఈ మెట్టు ఎందుకంటే, కొందరిలో చప్పుడు మొదలై, మధ్యలో ఆగి, మళ్లీ వినిపిస్తుంది. గాలి తక్కువ కొట్టినవాడు రెండోసారి వచ్చిన చప్పుడునే పై బీపీ అనుకుంటాడు. 180 కాస్తా 140 అయి కూర్చుంటుంది. డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు (ఫిస్టులా) ఉన్న చేతికి కఫ్ కట్టనే వద్దు.

డ్రిప్ లెక్క నువ్వు అనుకునేంత కష్టమేం కాదు. మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో డ్రిప్ సెట్టు మీద రాసుంటుంది. ఎక్కించాల్సిన మిల్లీలీటర్లను దాంతో హెచ్చవేసి, నిమిషాలతో భాగించు. వెయ్యి మిల్లీలీటర్లు 8 గంటల్లో పోవాలి, సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలదైతే, 20,000ను 480తో భాగిస్తే 41.67, అంటే నిమిషానికి 42 చుక్కలు. పెట్టేసి వెళ్లిపోకు. పేషెంటు మోచెయ్యి మడిచినా, మంచం ఎత్తు మార్చినా ఆ 42 మారిపోతుంది.

గుండె వేగాన్ని తగ్గించే డిగాక్సిన్ మాత్ర ఇచ్చే ముందు మాత్రం మణికట్టు పల్స్ చాలదు. స్టెతస్కోపు ఎడమవైపు ఐదో పక్కటెముక సందులో పెట్టి నిండు నిమిషం విను. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువ వస్తే మాత్ర ఆపి డాక్టరును అడుగు.

మంచం పట్టినవాళ్ల చర్మం గురించి ఒక్క మాట. రెండు గంటలకోసారి పక్క మార్చడం ఎక్కువ చోట్ల పాటించే లెక్క. పూర్తిగా పక్కకి కాదు, 30 డిగ్రీలు వాలిస్తే తుంటి ఎముక మీద బరువు పడదు. మడమ కింద కాదు, పిక్క కింద దిండు పెట్టి మడమను గాల్లో ఉంచు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి తియ్యి: తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయముంది, నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్ది మాలిష్ చేస్తారు చాలామంది, ప్రేమతోనే. దానివల్ల లోపల కండ ఇంకా నలుగుతుంది.

వాచీ ఎలాంటిది కొనాలని అడిగావు కదా. సెకన్ల ముల్లు ఉన్నది తీసుకో, మణికట్టుకు కాకుండా జేబుకి తగిలించుకునేది. మణికట్టున పట్టీ ఉంటే దాని కింద చెయ్యి కడగడం కుదరదు. సబ్బుతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు, స్పిరిట్ రబ్‌తో 20 నుంచి 30. బొటనవేలు, వేళ్ల కొసలు ఎక్కువగా తప్పిపోతుంటాయి. క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిలె అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలున్న పేషెంటు దగ్గర రబ్ పనిచేయదు, దాని స్పోర్లు (గట్టి పెంకు కట్టుకున్న రూపాలు) స్పిరిట్‌కు చావవు. అక్కడ సబ్బూ నీళ్లే.

ఇంజెక్షన్ సంగతి వచ్చే ఉత్తరంలో. ఈలోగా ఇంట్లోవాళ్లు టీవీ చూస్తున్నప్పుడు వాళ్లకు తెలియకుండా ఊపిరి లెక్కపెట్టి, ఎంతెంత వచ్చిందో రాయి.

నీ
నేస్తం