అనుమతి అడగకముందే సమాచారం పంపుతున్న ఇన్‌స్టాలర్‌పై ఫిర్యాదు

తెనాలి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ సెట్టింగుల స్క్రీన్లలో మా కదలికలు నమోదు చేయడం గురించి.

అయ్యా,

నేను ఇక్కడి హోల్‌సేల్ షాపులకు లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూస్తుంటాను. వాళ్ల కంప్యూటర్లలో మీ సాఫ్ట్‌వేర్ ఎక్కించేది కూడా నేనే. మొన్న కొత్త వెర్షన్ ఎక్కిస్తుంటే, లైసెన్సు ఒప్పందం ఇంకా తెరమీద ఉండగానే ఇన్‌స్టాలర్ మీ సర్వర్‌కు కనెక్ట్ అవుతోందని, నెట్ రాకపోకల్ని కాపలా కాసే ఫైర్‌వాల్ చూపించింది. ఏదో డౌన్‌లోడ్ అవుతోంది అనుకోవడానికి లేదు, అది నెట్ అవసరం లేని ఆఫ్‌లైన్ సెటప్. టెంప్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాలర్ వదిలేసిన లాగ్ ఫైల్ (అది చేసిన పనులన్నీ రాసుకునే ఫైల్) తెరిచి చూశాను.

ఏ స్క్రీన్ మీద ఎన్ని సెకన్లు ఆగాను, ఎక్కడ వెనక్కి వెళ్లాను, ఏ టిక్కు తీశాను, అన్నీ ఆ కంప్యూటర్‌కు మీరిచ్చిన ఐడీతో వరసగా ఉన్నాయి. 'నెక్స్ట్' నొక్కిన ప్రతిసారీ పంపారు. డేటా ఫోల్డర్ మార్చితే దాని పాత్ (ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే చిరునామా) మొత్తం వెళ్లింది, అందులో షాపు యజమాని పేరుంది. మీ ప్రైవసీ పాలసీలో మాత్రం పేరూ ఊరూ తెలియని సమాచారమే తీసుకుంటామని రాశారు. వాడకం వివరాలు పంపడానికి ఒప్పుకోమనే గడి వచ్చేది చివరి స్క్రీన్‌లో, అదీ ముందే టిక్కు పెట్టి. అప్పటికే అంతా వెళ్లిపోయింది. నేను ఆ టిక్కు తీసేస్తే, తీసేసిన సంగతి కూడా పంపారు! వద్దన్న మనిషి మాటకు మీరిచ్చే విలువ ఇదేనా?

మెరుగుపరచడానికే అని మీ సపోర్ట్ వాళ్లు జవాబిచ్చారు. ఏ స్క్రీన్ దగ్గర జనం తికమకపడుతున్నారో మీకు తెలియాలి, కాదనను. అడిగి తెలుసుకోండి. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాలర్, ఏ ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్లు) ఎంత వాడుతున్నారో చూసే సర్వేలో చేరతారా అని అడుగుతుంది, ఏమీ మార్చకుండా ముందుకు వెళ్తే 'వద్దు' అన్నట్టే. ముందే టిక్కు పెట్టిన గడి సమ్మతి కాదని యూరప్ న్యాయస్థానం వెబ్‌సైట్ కుకీల (సైట్లు మన కంప్యూటర్‌లో దాచే చిన్న ఫైళ్ల) కేసులో 2019లోనే తేల్చింది. మన 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 6వ సెక్షన్ కూడా సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, స్పష్టమైన చర్యతో ఇవ్వాలంటుంది. చట్టం దశలవారీగా అమలవుతుందనే సాకు దయచేసి చెప్పొద్దు.

ఒప్పుకునే గడిని మొదటి స్క్రీన్‌లో ఖాళీగా, తెలుగులో కూడా పెట్టండి. ఒప్పుకోనివాళ్ల నుంచి ఒక్క అక్షరం కూడా బయటికి పంపొద్దు. నేను ఎక్కించిన కంప్యూటర్ల ఐడీల మీద ఉన్న రికార్డులు చెరిపేసి, ఆ సంగతి ఈ నెలలోగా రాతపూర్వకంగా తెలపండి.

లాగ్ ఫైల్ కాపీ జతచేస్తున్నాను. యజమాని పేరున్న చోట కొట్టేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు