ఆసుపత్రి ఆవరణలో మట్టి మిగల్చండి

సంపాదకులకు నమస్కారం.

కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల కొద్దీ మొక్కలు దేశం నలుమూలలకూ వెళ్తుంటాయి. ఎక్కడెక్కడి హోటళ్లు, ఆఫీసులు, విల్లాలు మన గోదావరి మట్టిలో పెరిగిన మొక్కలతో కళకళలాడుతున్నాయి. ఆ నర్సరీలకు కూతవేటు దూరంలో ఉన్న మన ఆసుపత్రుల్లో మాత్రం చాలాచోట్ల గేటు దగ్గర నుంచి వార్డు దాకా సిమెంటే. నిధులు రాగానే ముందు టైల్స్ పరిచేస్తున్నారు.

ఈ వేసవిలో మా అమ్మ కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ బాధేమిటో దగ్గర నుంచి చూశాను. మంచం పక్కన కిటికీ ఉంది, దాని అవతల జనరేటర్ షెడ్డు గోడ. ఆవరణ మొత్తానికీ మిగిలింది ఒక్క కానుగ చెట్టు. ఎండెక్కేసరికి రోగుల వెంట వచ్చినవాళ్లంతా దాని కిందికే చేరేవారు. క్యారేజీలు విప్పేది అక్కడే. పసిపిల్లకు చీర ఉయ్యాల కట్టింది ఆ కొమ్మకే. డాక్టరు గారు ఏమన్నారో ఒకరికొకరు చెప్పుకుని ధైర్యం తెచ్చుకునేదీ అక్కడే. అలాంటి చెట్టు మొదలు చుట్టూ జానెడు మట్టి కూడా వదలకుండా టైల్స్ బిగించేశారు. చుక్క నీరు దిగే సందు లేదు. పైకొమ్మలు అప్పుడే ఎండుతున్నాయి.

పచ్చదనం చూస్తే మనసు తేలికపడుతుందని మనందరికీ తెలుసు. రోగి కోలుకోవడానికీ అది సాయపడుతుందని అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లోనే రాశారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులు ఆయన తిరగేశారు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. చిన్న పరిశోధనే. చెట్టుంటే మందులు అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ మంచం మీద కదలలేక పడున్న మనిషికి ఆ ముప్పావు రోజు ఎంతో నాకు తెలుసు.

అలాగని సూపరింటెండెంట్ గదిలో రెండు మనీప్లాంట్ కుండీలు పెట్టి సరిపెట్టకూడదు. కుండీ మొక్కలు గదిలో గాలిని శుభ్రం చేస్తాయని వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం 1989 నాటి నాసా నివేదిక. ఆ పరీక్షలు గాలి చొరబడని పెట్టెల్లో చేసినవి. తలుపులూ కిటికీలూ తెరుచుకునే గదిలో ఆ ఫలితం రాదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. రోహిణి కార్తెలో మన డెల్టా ఉక్కపోతకు ఒంటి మీద చెమట కూడా ఆరదు. అప్పుడు ప్రాణం నిలబెట్టేది నేలలో పాతిన చెట్టు నీడే.

మొక్కలుంటే దోమలొస్తాయని సిబ్బంది అంటారు. డెంగీ దోమ పెరిగేది కుండీల కింద పళ్లేల్లో, పాత టైర్లలో నిలిచిన నీళ్లలో. నేలలో నాటితే ఆ పళ్లేలే ఉండవు. ఆయాసం ఉన్నవాళ్ల గురించి మాత్రం ఆలోచించాలి. ఘాటైన వాసన పూలు వార్డు కిటికీలకు దూరంగా ఉండాలి, అక్కడ మందారం, నందివర్ధనం చాలు. నీడకు కానుగ, వేప, పొగడ ఉన్నాయి. ఏపుగా పెరుగుతుందని కోనోకార్పస్ తెచ్చి వరసగా నాటొద్దు, దాని పుప్పొడి మీద ఇప్పటికే అభ్యంతరాలున్నాయి.

నాటడం మనకు కొత్త కాదు, ఏటా వనమహోత్సవంలో ఫొటోలు దిగుతూనే ఉన్నాం. వేసవిలో కాలువలు కట్టేశాక వాటికి నీళ్లు పోసే నాథుడే ఉండడు. అందుకే కనీసం రెండు వేసవులు నీళ్లు పోసే బాధ్యత ఒక మనిషి పేరున రాసి, అతని జీతం ఆసుపత్రి అభివృద్ధి నిధుల్లోంచి ఇవ్వాలి. మొక్కలు ఉచితంగా ఇవ్వడానికి మన నర్సరీ రైతులు ముందుకొస్తారనే నా నమ్మకం, అధికారులు వాళ్లను అడగాలి.

అంతకన్నా ముందు, ఉన్న చెట్ల మొదళ్ల చుట్టూ మూడేసి అడుగుల మేర టైల్స్ తీయించమని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. ఒక గునపం, ఒక కూలీ ఉంటే చాలు. తొలకరి లోపు ఆ పని జరగాలి.

– ఒక పాఠకుడు, ఆలమూరు